ఉద్యమానికి రాసిచ్చిన గంజులు

గృహహింస కేసుల ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చిన రోజు నుంచి మా ఆయన తన చాయ్ గ్లాసు తనే కడుక్కోవడం మొదలుపెట్టాడు. నేను అడగలేదు. ఆ మనిషి ఏనాడూ నా మీద చెయ్యెత్తిన వాడు కాదు, గొంతెత్తిన వాడు కూడా కాదు. అయినా సాయంత్రం నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే "ఇయ్యాల ఎవరి కేసు?" అని అడిగేవాడు. నేను చెప్పింది విని, లేచి వెళ్లి గ్లాసు కడిగేవాడు. మా అత్తగారు మాత్రం ఈ ఉద్యోగం మంచిది కాదని, బంగారం లాంటి కొడుకు చెడిపోతున్నాడని వాడకట్టంతా చెప్పుకుంది.

నా సర్వీసు మహబూబాబాద్‌లో మొదలై భూపాలపల్లి వైపు ముగిసింది. నడుమ ఎక్కువ కాలం జనగామలో గడిచింది. అప్పటికి ఇవన్నీ వరంగల్ జిల్లాయే. జనగామలో ఏ కోర్టని మాత్రం అడగవద్దు, చెప్పను. జడ్జిగారి ముందు కూర్చుని ఫైళ్లు అందించడం, వాయిదాలు రాయడం, వచ్చిన వాళ్లకు ఎటు పోవాలో చెప్పడం నా పని. చూడ్డానికి నెమ్మదైన పని. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. రోజుకో మొగుడు వచ్చి "చిన్న దెబ్బ మేడం, ఊకెనే తాకింది" అని చెబుతుంటే, చేతిలో ఉన్న స్టాప్లర్‌ను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

నేను చెప్పబోయేది తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల మాట. లాయర్లు కోర్టు విధులు బహిష్కరించి గేటు ముందే టెంటు వేసుకుని రిలే దీక్షలు చేస్తున్నారు. లోపల జడ్జిగారు, నేను, అటెండరు, ఒక ఫ్యాను. పేరు పిలిస్తే పలికే దిక్కు లేదు. మేమూ తక్కువ తినలేదు. మధ్యాహ్నం భోజనం గంటలో నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని టెంటు దగ్గరికి వెళ్లి గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, గంట కాగానే వచ్చి బుద్ధిగా సీట్లలో కూర్చునేవాళ్లం. జడ్జిగారు గోదావరి వైపు మనిషి. మేం నినాదాలిస్తున్నంతసేపూ ఆయన చాంబర్లో కిటికీ రెక్క వేసుకుని పెరుగన్నం తినేవారు. మేం తిరిగి రాగానే "అయిందాండీ?" అని అడిగేవారు, ఇంట్లో వ్రతం అయిందా అన్నట్టు. "అయింది సార్" అనేవాళ్లం.

గృహహింస దరఖాస్తుకు లాయరు ఉండి తీరాలని లేదు. ఆడవాళ్లు నేరుగా రావచ్చు. అందుకని అన్ని కేసులూ ఆగినా నా బల్ల దగ్గర మాత్రం జనం ఆగలేదు. పైగా లాయర్లు బహిష్కరించింది కోర్టునే గాని నోటిని కాదు. దీక్షలో పడుకున్న వాళ్లు పడుకున్నట్టే, టెంటు తాడు పట్టుకుని నిలబడిన ఆడమనిషికి ఏం రాయాలో, ఎక్కడ సంతకం పెట్టాలో ఉచితంగా చెప్పేవాళ్లు. మామూలు రోజుల్లో అంత శ్రద్ధగా చెప్పగా నేను చూడలేదు.

అలా టెంటు మీదుగా నా దగ్గరికి వచ్చినావిడే బచ్చన్నపేట వైపు పల్లె నుంచి వచ్చిన వంటామె. నలభై దాటి ఉంటాయి. ఎడమ చెయ్యికి కట్టు, కుడి చేతిలో సంచి. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే బగారన్నం, ఆలుగడ్డ కూర ఆవిడ చేతిదే. ఏం జరిగిందమ్మా అని అడిగాను.

"ఇల్లు నాది గాదంటడు మేడం. సామాన్ నాది గాదంటడు. తన్నులొక్కటే నాయంటడు."

నవ్వొచ్చింది, వెంటనే నా మీద నాకే కోపమొచ్చింది. కూర్చోమని చెప్పి మొత్తం విన్నాను. ఆవిడ వంటలు చేసిన సంపాదనతో ఒక్కొక్కటిగా గంజులు కొనుక్కుంది. గంజులంటే పెళ్లిళ్లలో అన్నం వండే పెద్ద గిన్నెలు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవనివి. పెళ్లిళ్లలో ఒకరి సామాను ఇంకొకరి ఇంటికి పోవడం మామూలే కాబట్టి మా వైపు ప్రతి గిన్నె మీదా పేరు కొట్టిస్తారు. చాలా ఇళ్లలో ఆ పేరు మొగుడిదే ఉంటుంది. ఈవిడ తన పేరు కొట్టించుకుంది. ఆయనకు ముందునుంచీ అదొక కడుపుమంట.

ఆయనకు పనంటూ ఏమీ లేదు. ఉద్యమం వచ్చాక ఊళ్లో కమిటీ లీడరయ్యాడు. మెడలో కండువా, చేతిలో మైకు. మాట మంచి మాటే, నేను కూడా రెండుసార్లు విని చప్పట్లు కొట్టాను. ఇంట్లో మాత్రం వేరే కథ. ఒకరోజు కొట్టి, బయటికి నెట్టి, గంజులు లోపలే ఉంచి తాళమేశాడు. ఊరి పెద్దమనుషులు అడిగితే, సామాను ఎక్కడిది, అది ఎప్పుడో అమ్ముకు తిన్నది అని చెప్పాడు. వాళ్లు నమ్మారు. లీడరు కదా. ఈవిడ అక్క ఇంటి వసారాలో పడుకుంటోంది. మాఘమాసం వస్తోంది. పెళ్లిళ్లు మొదలయ్యే లోపల గంజులు చేతికి రాకపోతే గిరాకీ ఇంకో వంటామెకు పోతుంది, పోయింది మళ్లీ రాదు.

"మొగుణ్ణి అడుగుతలేను మేడం. తలుపు తీపియ్యుండ్రి, గంజులిప్పియ్యుండ్రి. కడమది నేను చూస్కుంట" అంది.

జడ్జిగారు దరఖాస్తు చూసి, ముందు నోటీసు పంపుదామన్నారు. నోటీసులు అందించాల్సిన ఆఫీసు వాళ్లు సమ్మెలో ఉన్నారు. అందుకని మా కోర్టు అమీన్ సాబుకు ఇచ్చారు. అమీన్ అంటే సమన్లు, నోటీసులు పట్టుకుని ఇళ్ల వెంట తిరిగే ఉద్యోగి. ఈయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, మంచివాడు, ఉద్యమమంటే ప్రాణం. అక్కడే వచ్చింది తంటా.

మొదటిసారి పల్లెకు పోతే లీడరు రాస్తారోకోకు పోయాడన్నారు. రాస్తారోకో దగ్గరికి పోతే మహబూబాబాద్ పోయాడన్నారు, రైలు పట్టాల మీద కూర్చోవడానికి. అమీన్ సాబు మహబూబాబాద్ పోయాడు. పోయి, పట్టాల మీద తనూ కూర్చుని, చీకటి పడ్డాక వచ్చాడు. "గంత మందిల ఎట్ల దొరుకుతడక్కా, పైగ నన్ను ముందల కూసోబెట్టిన్రు" అన్నాడు, సిగ్గుపడుతూ, కొంచెం గర్వపడుతూ. మూడోసారి భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల సభలో దొరికాడు లీడరు. స్టేజీ మీదే ఉన్నాడు. అమీన్ సాబు మెట్లెక్కి నోటీసు చాపాడు. లీడరు దాన్ని ముట్టుకోకుండానే వంగి చూసి, మైకులో అన్నాడట.

"ఈ కాయితం మీద ఆంధ్రప్రదేశ్ అని ముద్రున్నది. ఇది నేను ముట్ట. మన రాష్ట్రం వచ్చినంక మన ముద్ర కొట్టి తీస్కరా, దండం పెట్టి తీస్కుంట!"

సభ మొత్తం చప్పట్లు. అమీన్ సాబు కూడా కొట్టాడు. వచ్చి, ఇదంతా తనే నాకు చెప్పి, నోటీసు వెనక "మనిషి దొరకలేదు" అని రాసి నా బల్ల మీద పెట్టాడు.

"దొరకకపోతే చప్పట్లు ఎవరికి కొట్టినవ్?" అన్నాను.

"లీడరక్కా ఆయిన. అంత మంది ముందల ఎట్ల ఇరికిస్త?"

"నోటీసు వద్దంటే వద్దన్నడనే రాయాలె. అట్ల రాస్తే అందినట్టే లెక్క. ముప్పై ఏండ్ల సర్వీసు నీది, నేను చెప్పాల్నా?"

వరండాలో బెంచీ మీద కూర్చున్న వంటామె ఇదంతా విన్నది. లేచి వచ్చి, ఏ కోపమూ లేకుండా అంది.

"నేను గూడ జై తెలంగాణనే, అమీన్ సాబ్. రోడ్డు మీద నేను గూడ కూసున్న. రోడ్డు మీద కూసోవచ్చుగని నా ఇంట్ల నేను కూసోవద్దా?"

అమీన్ సాబు తల దించుకున్నాడు గాని అప్పటికే కొత్త వాయిదా పడిపోయింది.

ఆ వాయిదా రోజునే వంటావార్పు వచ్చింది. ఆ రోజుల్లో అదొక నిరసన. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, పంక్తి వేసి అక్కడే తిని, రాకపోకలు బంద్ చేయడం. మా గేటు ముందు రోడ్డు మీద లాయర్లు, టీచర్లు, ఆఫీసుల వాళ్లు అందరూ కలిసి పెట్టారు. నా వంతు ఉల్లిగడ్డలు కోయడం. బస్సులు లేవు కాబట్టి వంటామె నడిచీ, ఎవరో స్కూటరెక్కించుకుంటే ఎక్కీ వచ్చి, ఎప్పటిలాగే వరండాలో కూర్చుంది.

పదకొండు గంటల వేళ ఒక ట్రాక్టరు వచ్చింది. దాని మీద లీడరు నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర గంజులు, ఒకదాన్ని మించి ఒకటి. ప్రతి గంజు పొట్ట మీదా తెల్లటి రంగుతో పెద్ద అక్షరాలు, "జై తెలంగాణ" అని.

"ఈ సామానంత ఉద్యమానికి రాసిచ్చిన!" అన్నాడు చెయ్యెత్తి. జనం ఈలలు వేశారు. లాయర్ల పెద్ద వెళ్లి కౌగిలించుకున్నాడు.

వంటామె పరుగున లోపలికి వచ్చింది. "మేడం, నా గంజులొచ్చినయ్."

ఉల్లిగడ్డ చేతులతోనే బయటికి వచ్చాను. "నీ పేరెక్కడున్నది?"

"గా రాత కింద. నా పేరు మీదనే పూసిండు."

అప్పుడు అర్థమైంది నాకు ఆ మనిషి తెలివి. పేరు గీకేస్తే గీకిన గుర్తుంటుంది, ఎందుకు గీకావని ఎవరైనా అడుగుతారు. దాని మీద జై తెలంగాణ అని రాస్తే అడిగేవాడు ఎవడు? దాన్ని తుడిచే ధైర్యం ఎవరికుంది? నేను అలా దగ్గరికి పోయి రంగు మీద వేలు పెట్టానో లేదో, పక్కనున్న టీచరు "అక్కా, పైలం, జై తెలంగాణ చెరుపకు" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గోరుతో గీకితే పేరు బయటపడుతుంది. కాని కోర్టు క్లర్కు రోడ్డు మీద జై తెలంగాణను గీకేసిందని చెప్పుకుంటే సాయంత్రానికి నా దిష్టిబొమ్మ తగలబడుతుంది, అది కూడా మా ఆయన చూస్తుండగా. కోపంతో ఒళ్లు మండిపోతోంది, చేసేదేమీ లేదు. వంటామె కూడా అలాగే నిలబడింది. ఆవిడ గంజులు ఆవిడ ముందే ఉన్నాయి, ముట్టుకునే వీల్లేదు.

వంట లాయర్లు మొదలుపెట్టారు. నేను చూసిన వంటల్లో అది అన్నిటికన్నా ఆలస్యంగా సాగిన వంట. ఎసరు ఎంత పోయాలన్న దాని మీద సివిలు లాయరు ఒకటి చెబితే క్రిమినలు లాయరు అభ్యంతరం చెప్పాడు. ఉప్పు వేశారా లేదా అన్నదానికి సాక్షులు లేరు. ఎవరో రెండోసారి వేశారు. ఇంతలో ఒక గంజులో నుంచి మాడు వాసన మొదలైంది. టెంటు కింద ఉపన్యాసం సాగుతూనే ఉంది.

వంటామె ఆ వాసన భరించలేకపోయింది. మొగుడి దెబ్బలకు అన్ని నెలలు నోరు మూసుకున్న మనిషి, గంజు అడుగంటుతుంటే ఆగలేకపోయింది. కొంగు దోపుకుని, "జరుగుండ్రి" అని నల్లకోట్ల మధ్యలోకి పోయి, ఒక్క చేత్తో గంటె లాక్కుంది. ఒకరిని నీళ్లు తెమ్మంది, ఒకరిని పుదీనా తుంచమంది, లాయర్ల పెద్దను ఉల్లిగడ్డలు వేయించమంది. అందరూ చెప్పింది చెప్పినట్టు చేశారు. అంత క్రమశిక్షణ నేను కోర్టు హాల్లో కూడా చూడలేదు.

మొదటి గంజు దింపి పంక్తికి వడ్డించడం మొదలయ్యాక, ఇంకో గంజు కింద కట్టెలు ఎగదోసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. బగారన్నానికి అంత మంట అక్కర్లేదని నాకే తెలుసు, ఆవిడకు తెలియదా? మంట గంజు పొట్ట మీదికి పాకింది. రంగు ముందు పొంగింది. తర్వాత బొబ్బలెక్కింది. తర్వాత పెచ్చులుగా రాలడం మొదలుపెట్టింది. అక్కడ రంగు కింద నుంచి చుక్కచుక్కగా చెక్కిన అక్షరాలు బయటికొస్తున్నాయి.

పక్కనే నీళ్ల బిందె పట్టుకుని నిలబడ్డ లేడీ లాయరు వంగి, ఆ పేరును గట్టిగా చదివింది. ఆమెకు కథంతా తెలుసు, టెంటు దగ్గర దరఖాస్తు రాయించింది ఆమే. తల తిప్పి "అన్నా, ఈ సామాన్ నీదేనా?" అంది.

"నాదే. ఉద్యమానికి రాసిచ్చిన."

"మరి ఆమె పేరున్నదేంది? ఆమె ఎప్పుడో అమ్ముకతిన్నదని పెద్దమనుషులకు చెప్తివట?"

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత పంక్తి మొత్తం నవ్వింది. లీడరు కండువా సర్దుకున్నాడు. పంక్తిలో విస్తరి ముందు కూర్చున్న అమీన్ సాబు, ఆవిడ వండిన అన్నం రెండు ముద్దలు తిని ఉన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నోటీసియ్యి."

తీసుకుపోయి లీడరు ముందు చాపాడు. "ఇగో. తీస్కుంటె తీస్కున్నవని రాస్త, తీస్కోకుంటె వద్దన్నవని రాస్త. రెండూ ఒకటే." లీడరు అటూ ఇటూ చూశాడు. ఈసారి చప్పట్లు కొట్టేవాళ్లెవరూ లేరు. తీసుకున్నాడు.

జడ్జిగారికి కూడా ఒక ప్లేటు పంపాము. వాసన కిటికీ రెక్క దాటి ఎప్పుడో లోపలికి పోయింది. ఆయన ప్లేటు వైపు చూసి, "ఎవరు వండారండీ?" అని అడిగారు. అటెండరు చెప్పాడు. ఆయన పెద్ద ఊపిరి తీసి, "కక్షిదారు వండినది మనం తినకూడదండీ. తీసుకెళ్లిపోండి" అన్నారు. అటెండరు తలుపు దాటేదాకా ఆ ప్లేటునే చూస్తూ ఉన్నారట. తర్వాత నన్ను పిలిచి, ఇద్దరూ హాజరున్నారు కదా, భోజనం తర్వాత ఈ కేసు తీసుకుందామన్నారు.

లీడరు టెంటు వైపు ఉరికాడు. "అన్నా, జర నా దిక్కు నిలబడు" అని ఒక్కొక్క నల్లకోటునూ పట్టుకుని బతిమాలాడు.

"బహిష్కరణల ఉన్నం గదనే" అన్నాడు లాయర్ల పెద్ద. "లోపలికి పోయెటోడు ద్రోహి అని మొన్న నువ్వే మైకుల అంటివి."

అలా ఒంటరిగా బోనులోకి వచ్చి, రాష్ట్రం వచ్చేదాకా వాయిదా కావాలని అడిగాడు. "అది నా చేతిలో లేదండీ" అన్నారు జడ్జిగారు. సామాను చూపించమన్నారు. అమీన్ సాబు, అటెండరు కలిసి ఖాళీ చేసిన గంజొకటి మోసుకొచ్చారు. అది తలుపులో పట్టలేదు. అడ్డంగా తిప్పినా, నిలువుగా తిప్పినా పట్టలేదు. చివరికి జడ్జిగారే దిగి గుమ్మం దాకా వచ్చి, కళ్లజోడు సర్దుకుని, వంగి, మసి నడుమ ఉన్న పేరు చదువుకుని వెళ్లి కూర్చున్నారు.

"ఆ చెయ్యి ఏమైందమ్మా?"

"గంటెతోని కొట్టిండు సార్. నేను వండే గంటెనే."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఇందాక ఒక్క చేత్తో అంత అన్నం కలిపిన మనిషి ఇదే కదా అనిపించి నాకు ఏడుపొచ్చింది. సీట్లో కూర్చుని ఏడవకూడదు కాబట్టి ఫైలు వెనక ముక్కు తుడుచుకున్నాను.

ఆర్డరు ఆ సాయంత్రమే వచ్చింది. ఆవిడ తన ఇంట్లో ఉండవచ్చు, సామాను ఆవిడ వెంటే పోవాలి, తాళంచెవి ఇప్పుడే ఇచ్చేయాలి, ఆయన ఆవిడ జోలికి పోకూడదు, తదుపరి వాయిదా దాకా ఆ గడప తొక్కకూడదు. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. నేనే ఆవిడ చేతికిచ్చాను. తీసుకుని, కొంగున ముడేసుకుని, బయటికి పోయి గంజులన్నీ బూడిదతో తోమింది. మిగిలిన రంగు కూడా పోయింది. లేడీ లాయరు, టీచర్లు కలిసి వాటిని ట్రాక్టరెక్కించారు. అమీన్ సాబు, ఊళ్లో ఎవరైనా అడ్డం వస్తారేమోనని, ఎవరూ చెప్పకుండానే డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ గంజుల మధ్య నిలబడింది. ట్రాక్టరు బచ్చన్నపేట దారి పట్టింది.

నేను సంచి సర్దుకుని గేటు దాకా వచ్చేసరికి లీడరు అక్కడే నిలబడి ఉన్నాడు. టెంటు ఖాళీ అయింది. మెడలో కండువా లేదు, ఎక్కడో పడేసుకున్నట్టున్నాడు. చేతిలో ఆర్డరు కాగితం మడతలు పడి ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"మేడం, మరి నేను ఇయ్యాల ఎక్కడ పండుకోవాలె?"

ఎన్నో ఏళ్లుగా ఎందరో ఆడవాళ్లు నా బల్ల ముందు నిలబడి అడిగిన మాట అది. పిల్లల్ని చంకనెత్తుకుని కొందరు, సంచితో కొందరు, ఉత్త చేతులతో కొందరు. ఒక మగవాడి నోట వినడం అదే మొదటిసారి. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక్క జవాబే ఉండేది, చెప్పినప్పుడల్లా ఆ పూట అన్నం సహించేది కాదు. ఇవాళ ఆకలి బాగానే ఉంది.

"టైమయిపోయిందన్నా" అన్నాను. "రేపు పదిన్నరకు రా."